గుండ్రటి బల్లకు గుడ్డ

ఉదయ ప్రార్థన ముగిసి అందరూ వెళ్ళిపోయినా సిస్టర్ ఇన్యాసమ్మ మోకాళ్ళ మీదే ఉండిపోయింది. భక్తి ఎక్కువై కాదు, లేవడానికి ఓపిక లేక.

ఆ కాన్వెంటులో మంచం పట్టిన ఆడ రోగుల్ని చూసుకునేది ఆమే. తోడుండే సిస్టరు జబ్బుపడి ఊరెళ్ళినప్పటి నుంచి పగలూ తనే, రాత్రీ తనే. పండగ దాటగానే, జీవితాంతం సిస్టరుగానే ఉంటానని దేవుడికి మాటిచ్చే చివరి వ్రతాలు తీసుకోవాలి. తీసుకున్నాక ఇక వెనక్కి వెళ్ళడమనేది ఉండదు.

గోడ పట్టుకుని లేచి, తనకు ప్రార్థన నేర్పిన మదర్ శౌరమ్మను వెతుక్కుంటూ వెళ్ళింది. మదర్ వరండాలో కూర్చుని ఒక కోరా గుడ్డను నాలుగు మడతలు వేస్తోంది. ఎవరో దాత గుండ్రటి బల్ల ఒకటి పంపించారు. లేచి కూర్చోగలిగిన రోగులంతా దాని చుట్టూ చేరి అన్నం తినాలని మదర్ ముచ్చట. బల్ల వచ్చి చాన్నాళ్ళయింది గానీ దానికో గుడ్డ కుట్టే తీరిక ఎవరికీ దొరకలేదు.

"మదర్, నన్ను ఇంటికి పంపించెయ్యండి."

మదర్ మడత సరిచేస్తూనే, "ఏమైందమ్మా?" అంది.

"నాలో ప్రేమ అయిపోయింది మదర్. నిన్న చెల్లమ్మ పక్క తడిపితే మార్చాను. అట్లా తిరిగేలోపు మళ్ళీ తడిపింది. చెయ్యెత్తాను. కొట్టలేదు. కానీ ఎత్తాను. ఆ ముసలిది తల దాచుకుంది మదర్. ఇట్లాంటిదాన్ని దేవుడికి ఏ మొహంతో మాటిస్తాను?"

తిట్టినా బాగుండేది. మదర్ దారం కొస ఒకటి ఆమె చేతికిచ్చింది. "మడత మూల మీద అదిమి పట్టుకో, కదలనివ్వకు."

రెండో కొసకు సుద్దముక్క కట్టి, గుడ్డ మీద వంపుగా గీత గీసింది. తర్వాత కత్తెర ఇచ్చింది. ఇన్యాసమ్మ గీత వెంట కోసింది. మడతలు విప్పి బల్ల మీద పరిస్తే, గుడ్డ చుట్టూ ఒకే ఎత్తున దిగింది. ఎన్నాళ్ళకో ఒక పని కుదురుగా కనపడేసరికి ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

"అంచు ఇప్పుడే మడిచి కుట్టేస్తాను మదర్. ఇదొక్కటీ ముగించి మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోతాను."

మదర్ సూది లాక్కుని తన కొంగుకు గుచ్చుకుంది. "ఇవాళ కుట్టకూడదు. కోసిన గుడ్డ ఒక రోజు వేలాడాలి."

"ఎందుకు? సమానంగానే ఉందిగా?"

"ఇవాళ ఉంది."

"మరి నా సంగతి?"

"ముందు దీని సంగతి తేలనీ. పిల్లి ఎక్కకుండా కాపలా కూర్చో. ఇంకో పని ముట్టుకోకు."

అని, ఇన్యాసమ్మ నడుముకున్న ఏప్రన్ విప్పి తను కట్టుకుని వార్డు వైపు నడిచింది. డెబ్బై దాటిన మనిషి. గడప దాటాలన్నా గోడ ఆసరా కావాలి. ఇన్యాసమ్మ వెనకే వెళ్ళబోయింది.

"కూర్చోమన్నాను," అంది మదర్, తిరిగి చూడకుండానే.

గుడ్డకు కాపలా ఏమిటని ఇన్యాసమ్మకు ఒళ్ళు మండింది. బల్ల పక్కన చాప వేసుకుంది. పిల్లి వస్తే అదిలించింది. మళ్ళీ వస్తే మళ్ళీ అదిలిద్దామని కాస్త కళ్ళు మూసుకుంది.

లేచేసరికి తెల్లవారుతోంది. భోజనాల గంట, సాయంత్రం ప్రార్థన గంట, ఒక్కటీ చెవిన పడలేదు. ఎవరో దుప్పటి కప్పి వెళ్ళారు. పిల్లి ఆమె కాళ్ళ దగ్గరే హాయిగా పడుకుని ఉంది, కాపలా అంత బాగా సాగింది.

తలెత్తి చూస్తే, నిన్న సమానంగా ఉన్న అంచు నాలుగుచోట్ల వేలెడు కిందికి దిగి ఉంది.

మదర్ వార్డులోంచి వచ్చింది. ఏప్రన్ ముందంతా తడి, కళ్ళు లోపలికి పోయాయి. దాన్ని విప్పి తీగ మీద ఆరేసి కుర్చీలో కూలబడింది.

"పోగు వెంట తెగిన చోట గుడ్డ అట్లాగే ఉంటుంది. ఐమూలగా తెగిన చోట సాగుతుంది," అంది.

"నిన్నే కుట్టేసి ఉంటే?"

"కుట్టు చక్కగానే ఉండేది. గుడ్డే వంకరయ్యేది."

ఇన్యాసమ్మ ఒక పుల్లను నేల మీద నిలబెట్టి, చుట్టూ ఒకే ఎత్తున సుద్దతో గుర్తులు పెట్టింది. దిగిన చోట్ల మాత్రం కత్తిరించింది. మదర్ కొంగునున్న సూది తీసుకుని, ముడతలు పడకుండా అంచును సన్నగా మడుస్తూ కుట్టడం మొదలుపెట్టింది. చాలాసేపటికి గానీ అడగలేకపోయింది.

"మదర్, చెల్లమ్మ?"

"ఇప్పుడే నిద్రపోయింది." మదర్ కళ్ళు మూసుకునే చెప్పింది. "రాత్రి తడిపితే మార్చాను. మళ్ళీ తడిపింది. చెయ్యెత్తాను."

సూది ఆగిపోయింది.

"మీరా?"

"నేనే."

"ఎత్తి?"

"దించుకున్నాను. పొడి దుప్పటి తెచ్చాను."

ఇన్యాసమ్మ కాసేపు తన కుడిచేతి వైపు చూసుకుంది. తర్వాత గుడ్డ పక్కన పెట్టి లేచి, తీగ మీది ఏప్రన్ అందుకోబోయింది.

"ఇంకా తడిగా ఉందమ్మా," అంది మదర్. "ఆరనీ."