చిలకల మేడలో అమావాస్య భోజనం

అనగనగా సముద్రం ఒడ్డున ఒక పెద్ద పట్నం, ఆ పట్నంలో చిలకల మేడ అనే హోటలు. గోడల నిండా రంగు రంగుల సున్నం చిలకలు, అందుకని ఆ పేరు. మొదట్లో అక్కడ జమీందార్లు దిగేవారు. ఆ తర్వాత నాటకాలవాళ్ళు దిగారు. ఆ తర్వాత పెళ్ళివారు. ఎవరు దిగినా అక్కడి భోజనం కోసమే.

తాతలనాటి ఆ హోటల్ని కొండలరావు నడిపేవాడు. మనిషి మంచివాడే తల్లీ, కానీ ఒట్టి అనుమానం పీనుగు. పాలు పొంగితే పొయ్యి ఎవరు ఎగదోశారా అని చూసే రకం.

ఒక అమావాస్యనాడు బంతి లేచాక చూస్తే, ఒక ఆకు అవతలి వైపుకి మడిచి ఉంది. తిన్నాక ఆకు మన వైపుకి మడుస్తాం కదా? అవతలికి మడిచేది చావు భోజనంలోనే. కొండలరావు గబుక్కున ఆ ఆకు తీసి పారేశాడు. ఇది పెళ్ళివారి కంటపడితే ఇంకెవరొస్తారు? హోటల్ మూతపడిపోదూ?

వంట బాగోలేకే ఎవరో అలా మడిచారని వంటవాడు సింహాద్రిని అనుమానించాడు. కూరలన్నీ రుచి చూశాడు, వంక దొరకలేదు. మరుసటి అమావాస్యకి మళ్ళీ అలాంటి ఆకే. అప్పుడు ఎదురు హోటల్‌వాళ్ళు చేయిస్తున్నారని వడ్డించేవాళ్ళ మీద పడ్డాడు. వాళ్ళు ఒట్లు పెట్టుకున్నా నమ్మలేదు. ఇంకొక్కసారి ఆ ఆకు కనబడితే, వాళ్ళందరికీ పెద్ద కనుక సింహాద్రే మూటాముల్లె సర్దుకోవాల్సిందేనని అందరి ముందూ చెప్పేశాడు. పాపం సింహాద్రి ఆ రోజు మెతుకు ముట్టలేదు.

మూడో అమావాస్యకి కొండలరావు తనే స్తంభం చాటున నిలబడ్డాడు. మూల కూర్చున్న ఒకావిడ తిని, ఆకు అవతలికి మడిచింది. గబగబా వెళ్ళి, నిన్నెవరు పంపారని నిలదీశాడు.

"ఎవరూ పంపలేదు బాబూ. నేను అప్పన్న కూతుర్ని" అంది.

అప్పన్న అంటే మునుపటి వంటవాడు. కారప్పొడి కిటుకు ఎదురు హోటల్‌కి చెప్పేశాడని అనుమానించి, కొండలరావే అతన్ని వెళ్ళగొట్టాడు.

"వాళ్ళు పిలిచినా మా నాన్న ఎల్లలేదు. ఇంకెక్కడా గరిట పట్టలేదు. ఈ వంటశాలే నా ఇల్లంటూ పోయాడు. అందుకే ప్రతి అమావాస్యకీ ఆయన పేరు తలుచుకుని ఇక్కడే తింటన్నాను."

తప్పయిపోయిందని చెప్పుకుందామంటే అప్పన్న లేడు. కొండలరావు తల దించుకుని ఏడ్చాడు.

"ఈ వంటోణ్ణి పంపేస్తావని విన్నాను బాబూ" అందావిడ. "ఈయన్నయినా ఉండనియ్యి."

అప్పుడు కొండలరావు వంటశాలలోకి వెళ్ళాడు. ఎవరి చేతికీ ఇవ్వని సామాన్ల గది తాళంచెవి మొలతాడు నుంచి విప్పి, సింహాద్రి చేతిలో పెట్టాడు.

కథ నడిచెళ్ళింది కంచికి,
కళ్ళు మూసుకో బంగారూ, నీ మంచికి.