మూడో పల్లవి

శౌరయ్య మాస్టారిని ప్రశ్న అడిగినవాడికి జవాబు అప్పటికప్పుడు దొరికిన దాఖలా లేదు. అడిగినదాన్ని ఆయన శ్రద్ధగా వింటారు, తలూపుతారు, ఆ వెంటనే వేరే పనిలో పడిపోతారు. రెండు రోజులకో రెండు నెలలకో ఏదో ఒక సంగతి జరుగుతుంది, దాని వెనకాలే జవాబు వస్తుంది. కొందరికి అసలు రాలేదు. వాళ్ళు మాస్టారికి చెవుడనుకున్నారు. విశాఖ రేవు దగ్గరి చిన్న క్లబ్బులో ముప్పై ఏళ్ళుగా ప్రతి శనివారం సాయంత్రం పియానో వాయించే మనిషికి చెవుడని ప్రచారం చేశారంటే, వాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

శిష్యుడు త్రినాథ్‌కి అంత ఓపిక లేదు. ఎనిమిదేళ్ళు వయొలిన్ నేర్చి, తాళం ఒంటికి పట్టాక, జాజ్ మీద మోజు పుట్టి, మనిషంత ఎత్తుండే తీగవాద్యం బేసు పుచ్చుకుని మాస్టారి దగ్గర చేరాడు. చేరి పది నెలలైంది. అన్నం తింటున్నా సరే, అతని కుడికాలి బొటనవేలు లెక్క వేస్తూనే ఉంటుంది. ఆ శనివారం మధ్యాహ్నం, క్లబ్బు హాల్లో కుర్చీలు ఈడుస్తున్న చప్పుళ్ళ మధ్య, ఉండబట్టలేక అడిగేశాడు.

“మాస్టారూ, మనలో ఒకరు పాటలో దారి తప్పారనుకోండి. సరైన చోట ఉన్నవాడు ఏం చెయ్యాలి?”

అది ప్రశ్న రూపంలో ఉన్న ఫిర్యాదు. కిందటి నెల సాక్సఫోన్ వాయించే మస్తాన్ గారు ఒక పాటలో తాళంలో నాలుగు దెబ్బలు మింగేశారు. మిగతావాళ్ళు కిమ్మనకుండా ఆయన వెంట వెళ్ళిపోయారు. లెక్క ప్రకారం నిలబడ్డ త్రినాథ్ ఒక్కడూ ఎటూ కాకుండా మిగిలాడు. జనం అతనివైపే వింతగా చూశారు. అప్పట్నించీ అతనికి అది మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. మాస్టారు శ్రద్ధగా విన్నారు, తలూపారు, సముద్రపు గాలికి జిగటగా తయారైన పియానో మెట్లని తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టారు.

అసలు ఆ రోజు అందరూ హడావుడిగానే ఉన్నారు. కారణం మెర్సీ. కంచరపాలెంలో బ్లౌజులు కుట్టే షాపు నడుపుకునే మెర్సీ ఏడేళ్ళు ఈ బృందంతో పాడింది. రెండేళ్ళ కిందట ఆమె గొంతుకి ఆపరేషన్ అయింది. మాట తిరిగి వచ్చింది గానీ పాడే ధైర్యం రాలేదు. ఎన్నిసార్లు పిలిచినా తప్పించుకుంది. ఆ వారం ఏమనిపించిందో, తనంతట తనే వచ్చి అందరి ముందూ ఒక మాట చెప్పింది. “ఒక్క పాట పాడి చూస్తాను మాస్టారూ. నిలబడగలిగానా, సరే. లేదంటే ఇంక జన్మలో నన్ను స్టేజీ ఎక్కమని అడక్కండి.” ఆ మాట త్రినాథ్ కూడా విన్నాడు.

ఆమె ఎంచుకున్న పాట మాస్టారు కట్టిందే. పల్లవి రెండుసార్లు, తర్వాత చరణం, మళ్ళీ పల్లవి. అది ఒక చుట్టు. ఎవరి ముందూ కాగితం ఉండదు. ఎవరు ఏం కల్పించి వాయించినా ఆ చుట్టు మీదే వాయించాలి, ఎక్కడున్నామో ఎవరికి వాళ్ళు మనసులో పట్టుకోవాలి. మొదటి చుట్టు మెర్సీ పాడుతుంది. రెండో చుట్టులో రెండు పల్లవులూ ఏదో ఒక వాద్యానివి, ఆ వాయించేవాడు తన ఇష్టం వచ్చినట్టు విహరించవచ్చు. అతను ముగించగానే చరణాన్ని మెర్సీ అందుకోవాలి. పాటంతటికీ తంటా అక్కడే.

ఆరున్నరకి మొదలుపెట్టారు. వాన వచ్చేట్టు ఉండి రాని సాయంత్రం. ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న మాటే గానీ ఆకు కదలనంత ఉక్క. చెమటకి బేసు తీగలు జారిపోతుంటే, శ్రుతి నిలవక, త్రినాథ్ పాట పాటకీ బిరడాలు తిప్పుకుంటూ కాలు కాలిన పిల్లిలా ఉన్నాడు. కింద ఓ యాభై మంది ఉంటారు. పోర్టు ఆఫీసు కుటుంబాలు, రిటైరైన ఓడ ఇంజనీర్లు, కాలేజీ పిల్లలు, వాళ్ళ మధ్యలో తిరుగుతున్న పకోడీ ప్లేట్లు.

నాలుగో పాటకి మెర్సీ వచ్చి మైకు ముందు నిలబడింది. మొదటి చుట్టు పాడింది. గొంతు మునుపటికన్నా కిందికి దిగింది, కాస్త గరుకెక్కింది, అయినా వినబుద్ధయ్యేలా ఉంది. త్రినాథ్‌కే లోపల ఏదో కదిలినట్టయింది. తర్వాత మస్తాన్ గారు అందుకున్నారు. పోలీసు బ్యాండులో పాతికేళ్ళు చేసిన మనిషి, ఊపిరికి కొదవ లేదు. పల్లవి రెండుసార్లూ ఊగించి వదిలిపెట్టారు. మెర్సీ గుండెనిండా గాలి పీల్చుకుంది. నోట్లోంచి చరణం రాలేదు. పల్లవి వచ్చింది. కంగారులో చరణాన్ని దాటేసి ఒక్క దూకులో చివరికి వెళ్ళిపోయింది.

మాస్టారి వేళ్ళు అదే క్షణాన పల్లవిలోకి వచ్చేశాయి. డ్రమ్స్ మీద అప్పలస్వామి పుల్లలూ ఆ దారే పట్టాయి. త్రినాథ్ మాత్రం చరణంలోనే ఉన్నాడు. ఉండవలసింది అక్కడే కదా మరి! పైన పల్లవి, అడుగున చరణం ఒకదాన్నొకటి కొరుక్కుంటుంటే ముందు వరసలో ఒకావిడ పకోడీ నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. త్రినాథ్‌కి ఒళ్ళు మండింది. ఈసారీ అందరూ తప్పు వెంటే పోయారు! ఇంకా గట్టిగా వాయించాడు. ఏం జరుగుతోందో తెలియక మెర్సీ వెనక్కి తిరిగి చూసింది. “చరణం అక్కా, చరణం!” అన్నాడు. మైకు ఎంతో దూరంలో లేదు. హాలంతా విన్నది.

మెర్సీ ఆగిపోయింది. మిగతావాళ్ళు ఎలాగో పాటని ఒడ్డున పడేశారు. కొన్ని చప్పట్లు పడ్డాయి గానీ అవి జాలి చప్పట్లని పసిపిల్లలకైనా తెలుస్తుంది. అవి ఆగేలోపలే ఆమె స్టేజీ దిగి వెళ్ళిపోయింది.

విరామంలో మాస్టారు వెనక వరండాలోకి వెళ్ళేసరికి మెర్సీ చెప్పులు వేసుకుంటోంది. కళ్ళు ఎర్రబడ్డాయి. త్రినాథ్ కూడా వెనకాలే వచ్చాడు. ఆమె మొహం చూడగానే గతుక్కుమన్నాడు, అయినా నోరు ఊరుకోలేదు.

“నేను సరిగ్గానే వాయించాను మాస్టారూ.”

“అవును,” అన్నారు మాస్టారు. “సరిగ్గానే వాయించావు.”

కాదని ఉంటే వాదించేవాడు. అవునన్నాక, నిలబడలేక కూర్చోలేక, ఆ గుమ్మంలోనే అటూ ఇటూ కదులుతూ ఉండిపోయాడు.

మాస్టారు మెర్సీ వైపు తిరిగారు. “అమ్మా, ఇప్పుడు ఆ పాటే మళ్ళీ వాయిస్తున్నాం. ఈసారి రెండు పల్లవుల సోలో త్రినాథ్‌ది. నువ్వు పాడకపోయినా ఫరవాలేదు. ఊరికే వచ్చి నిలబడు.”

“ఎందుకండీ? ఇంకోసారి నవ్వులపాలవ్వడానికా?”

“జనం ముందు వాడికిదే మొదటి సోలో. పక్కన మనిషి లేకపోతే బెదురుతాడు.”

మెర్సీ త్రినాథ్‌ని చూసింది. మొహంలో బింకం ఉంది గానీ, కింద బొటనవేలు నిలవకుండా కొట్టుకుంటోంది. చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

బెదురుతాడట! ఆ మాట త్రినాథ్‌కి చురుక్కుమంది. మాస్టారు పియానో మీద మొదటి చుట్టు వాయిస్తున్నంతసేపూ అతని చెవుల్లో అదే. తన వంతు వచ్చింది. మిగతావాళ్ళు తగ్గారు. హాల్లో గ్లాసుల చప్పుడు కూడా వినిపిస్తోంది. కింది తీగ మీద పల్లవి ఎత్తుకున్నాడు, వేళ్ళు కొయ్యబారాయి, చెమట కంట్లోకి కారింది. రెండోసారికి చెయ్యి దారికొచ్చింది. కింది తీగ నుంచి పైకి ఒక్క జారు జారి, అక్కణ్ణుంచి మెట్టు మెట్టుగా దిగి వచ్చాడు. “అద్దీ!” అన్నాడు అప్పలస్వామి. హాల్లో ఒక మూల మొదలైన చప్పట్లు అన్ని మూలలకీ పాకాయి. ఈసారివి జాలి చప్పట్లు కావు. త్రినాథ్‌కి ఒళ్ళంతా వేడెక్కింది, చెవులు హోరెత్తాయి. ఆ ఊపులో పల్లవిని పైతీగ మీద అందుకున్నాడు.

అప్పుడు కనిపించింది మెర్సీ. ఒక అడుగు ముందుకేసి, గాలి పీల్చుకుని, నోరు తెరిచింది. మళ్ళీ తప్పబోతోంది! అనుకున్నాడు త్రినాథ్. కానీ అతను చెదరలేదు. పాదం నేలకి అదిమిపెట్టి పల్లవిని గట్టిగా పట్టుకున్నాడు. మెర్సీ అతని వేళ్ళ వైపు చూసింది. నోరు మూసుకుంది. మాస్టారి కుడిచెయ్యి కూడా ఒకసారి పైకి లేచి, తిరిగి ఉన్నచోటికే దిగింది. పల్లవి ముగిసింది. అప్పుడు ఆమె చరణం అందుకుంది, ఐదుగురూ ఒకే చోట కలిశారు. రెండేళ్ళుగా దాచుకున్న గొంతు ఇది కాబోలు అనిపించేలా పాడింది. ఆఖరి పల్లవికి వచ్చేసరికి ముసలి ఇంజనీరొకాయన లేచి నిలబడి, తనకి తాళం రాదన్న సంగతి కూడా మర్చిపోయి బల్ల మీద దరువు వేశాడు. జనం మళ్ళీ అడిగితే మళ్ళీ పాడింది.

ఎనిమిదింటికి ముగించాలని క్లబ్బువాళ్ళ నియమం. జనం గేటు దగ్గర మెర్సీ చుట్టూ మూగారు. ఆమె అక్కణ్ణించే లోపలికి కేకేసింది. “మాస్టారూ, వచ్చే శనివారం నాకు శ్రుతి ఒక మెట్టు దించాలి, చెబుతున్నా!”

“దించుదాం, దించుదాం,” అన్నారు మాస్టారు.

బేసుకి గుడ్డ తొడుగుతున్న త్రినాథ్ ఇంక ఆగలేకపోయాడు. “చూశారా మాస్టారూ? అక్క మళ్ళీ తప్పి ముందే అందుకోబోయింది. నేను గట్టిగా నిలబడ్డాను కాబట్టి ఆగింది. లేకపోతే మళ్ళీ అదే కథ.”

డ్రమ్ముల మరలు విప్పుతున్న అప్పలస్వామి ఎందుకో మొహం పక్కకి తిప్పుకున్నాడు. మస్తాన్ గారు సాక్సుని తెగ శ్రద్ధగా తుడుస్తున్నారు.

“చప్పట్లు ఎక్కడ పడ్డాయి నీకు?” అడిగారు మాస్టారు.

“రెండో పల్లవి చివర్నండీ.”

“ఆ తర్వాత ఏం వాయించావు?”

చెప్పబోయి ఆగాడు త్రినాథ్. బొటనవేలు లెక్క మొదలుపెట్టింది. కింది తీగ మీద ఒకటి. జారు వేసి చప్పట్లు కొట్టించుకున్నది రెండు. ఆ తర్వాత పైతీగ మీద... బొటనవేలు నిలిచిపోయింది. అది మూడో పల్లవి. చుట్టులో మూడో పల్లవి లేదు. అక్కడుండవలసింది చరణం. మెర్సీ నోరు తెరిచింది అక్కడే.

గుడ్డ తొడగడం ఆపి తలెత్తాడు. “మరి... మీరెవ్వరూ నాతో అనలేదేం?”

మాస్టారు గేటు వైపు చూశారు.

“మధ్యాహ్నం నన్నేదో అడిగావు,” అన్నారు. “అది నాకన్నా మెర్సీకి బాగా తెలుసు. ఇంకా అక్కడే ఉంది. వెళ్ళి అడుగు.”