దేముడమ్మ మూడు పెనాలు

అనగనగా ఒక ఊరు. ఎప్పటి సంగతి అంటారా? మీ తాతగారి తాతకి ఇంకా పాలపళ్లయినా రాని కాలం. ఊరి చుట్టూ చెరకు తోటలు, ఊరంతటికీ ఒకటే గానుగ. గానుగలో చెరకు ఆడి, ఆ రసాన్ని పెద్ద పెనంలో కాచి బెల్లం వండేవారు.

ఆ పెనం కింద పొయ్యిలోకి ఎండిన పిప్పి ఎగదోసే మనిషి దేముడమ్మ. నా అన్నవాళ్లు లేరు. ముఖమంతా మసి. అయితేనేం, పాకం నురగ నాకడానికి చేరే పిల్లలందరికీ ఆవిడే పంతులమ్మ. అక్షరం ముక్క రాదు. నేర్పిందల్లా మూడు ప్రశ్నలే.

"ఏటి మారింది? ఒక్కటే మార్సినావా? మళ్లీ సూసినావా?"

"కప్పలు అరిస్తే వాన పడతాది అవ్వా" అని ఎవరైనా అంటే, "మళ్లీ సూసినావా?" అనేది. ఇక పిల్లలు నెలరోజులు కప్పల వెంట పడేవారు. తల్లులు తిట్టుకునేవారు.

ఒక ఏడు ఊరిపెద్ద పెద్దినాయుడికి కొత్త ఆలోచన పుట్టింది. మంచి ముహూర్తం చూసి, విత్తనానికి ఉంచింది తప్ప ఊరి చెరకంతా ఒక్కరోజే నరికించాడు. ముహూర్తం గొప్పదే. గానుగ మాత్రం ఒకటే కదా! చెరకంతా కుప్పలు పడి, వంతు కోసం కాచుక్కూచుంది.

మొదటి రెండు రోజులు బెల్లం చక్కగా కట్టింది. ఆ రెండు రోజులూ దేముడమ్మ జ్వరంతో మంచం మీద ఉంది. మూడోరోజు లేచి పనికొచ్చింది. ఆ రోజు పాకం జీడిలా సాగింది తప్ప గట్టిపడలేదు. నాలుగోరోజూ అంతే. ఐదోరోజూ అంతే.

ఇంకేముంది! అంతా దేముడమ్మ దిష్టే అన్నారు. పొద్దుటికల్లా ఊరు విడిచి పొమ్మని పెద్దినాయుడు తీర్పు చెప్పాడు. ఆ ముసలిదానికి పోవడానికి మరో ఊరు లేదు. ఇప్పుడు చెబుతున్నా నాకు కడుపు మండుతుంది.

దేముడమ్మ ఏడవలేదు. "బాబూ, నానొచ్చిన కాడినుంచే చెడింది. అది నిజిమే. నా వల్లయితే నానే పోతాను. మరి ఆ మూడోనాడు ఇంకేటి మారిందో సూడొద్దా?"

"ఏటీ మారలేదు!" అని గద్దించాడు పెద్దినాయుడు.

గుంపులోంచి ఎనిమిదేళ్ల నూకాలు ముందుకొచ్చింది. "మారింది తాతా. సెరుకు వాడిపోనాది. మొదటినాడు నమిల్తే తియ్యగున్నాది, ఇప్పుడు పుల్లగున్నాది. బెల్లం ఎందుకు కట్టలేదో నీకు నిజింగా తెలుసా?"

పెద్దినాయుడు మీసం దువ్వాడు. కోపిష్టే గాని అబద్ధాలాడే మనిషి కాదు.

"నాకు తెల్దు" అన్నాడు చివరికి. "సూద్దాం."

మొదటి పెనం. నూకాలు నాన్న కుప్పలోని వాడిన చెరకే ఆడారు. మార్చింది ఒక్కటే, దేముడమ్మని పొలిమేర అవతల కూచోబెట్టారు. బెల్లం కట్టలేదు. "అంత దూరంనుంచీ దిష్టి తగిలిందేమో" అన్నాడొకడు. పిల్లలు పకపకా నవ్వారు.

రెండో పెనం. దేముడమ్మ పొయ్యి దగ్గరికి తిరిగొచ్చింది. ఈసారి మార్చింది చెరకు ఒక్కటే. నూకాలు నాన్న విత్తనానికని అదే తోటలో కొంత నరక్కుండా వదిలాడు. ఆ పొద్దున్నే దాన్ని నరికి అప్పటికప్పుడే ఆడారు. దేముడమ్మ పిప్పి ఎగదోసింది, పెనంలోకి తొంగి తొంగి చూసింది కూడా. బెల్లం కట్టింది! దిమ్మ నేలకేసి కొట్టినా పగల్లేదు.

పెద్దినాయుడు తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. "తప్పయిపోనాది అవ్వా."

"ఆగు బాబూ" అంది దేముడమ్మ. "మళ్లీ సూసినావా?"

గండం గట్టెక్కాక కూడా అలా అడిగింది చూశారా, అదీ దేముడమ్మ అంటే!

మూడో పెనం. మర్నాడు మళ్లీ కొంత పచ్చి చెరకు నరికారు. మిగతావన్నీ నిన్నటిలాగే ఉంచారు. బెల్లం మళ్లీ కట్టింది. డప్పులు మోగాయి. పెద్దినాయుడు ఆ దిమ్మని నెత్తిన పెట్టుకుని, ఊరంతా తిరిగి, తెచ్చి దేముడమ్మ చేతుల్లో పెట్టాడు. ఆవిడ దాన్ని పగలగొట్టి పిల్లలకి పంచింది. "నా మాట నమ్మొద్దు. తిని మీరే సెప్పండి" అంది.

అప్పట్నుంచి ఆ ఊళ్లో గానుగ ఏ రోజుకి ఎంత ఆడగలదో అంతే నరుకుతారు. ముహూర్తం కుదరకపోతే ముహూర్తమే ఆగాలి.

దేముడమ్మ పండు ముసలిదై కన్నుమూసింది. ఆవిడకి గుడి లేదు, బొమ్మ లేదు. కానీ ఏటా బెల్లం పొయ్యి వెలిగించే రోజున, ఊళ్లో మాటలొచ్చిన పిల్లల్లో అందరికన్నా చిన్నది, అందరికన్నా పెద్దాయన్ని ఒక ప్రశ్న అడగాలి. ఆయనకి జవాబు తెలియనిదే అడగాలి. చీమ నిద్రపోతుందా, నీడకి బరువుంటుందా, ఏదైనా సరే. ఆయన తెలిసినట్టు నటిస్తే పిల్లలు గోల చేసి నిప్పు అంటించనివ్వరు. ఆ పెద్దాయన లేచి నిలబడి, ఊరంతా వినేలా "నాకు తెల్దు, సూద్దాం" అనాలి.

అప్పుడు గాని ఆ ఊళ్లో పొయ్యి వెలగదు.