ఆగిన చప్పుడు

కేదారేశ్వరి తీసిన మొదటి సినిమా విడుదలకు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. హైదరాబాదులో తెలిసినవాళ్ళను ఓ యాభై మందిని పిలిచి ముందుగా వేసి చూపించారు. భయంతో బిగుసుకుపోవాల్సిన మొదటి నాలుగు నిమిషాల్లో వాళ్ళు నవ్వారు.

ఆ నాలుగు నిమిషాల మీద ఆమె ఏడు వారాలు కూర్చుంది. ఒంటరి ఇల్లు, నీలం వెలుతురు, కిటికీల మీద మెరుపులు, టార్చి పట్టుకుని మెట్లు దిగే ఓ ఆడమనిషి. వీటికి తోడు ఉరుములు, కుక్కల ఏడుపు, తలుపుల కిర్రు, గుండె చప్పుడు, అన్నిటి మీదా వయొలిన్లు. మొత్తం ఎనభై నాలుగు సౌండు ట్రాకులు. ఎవరు అడిగినా ఆ లెక్క గర్వంగా చెప్పేది.

వెనక వరుసలో ఒకతను "వచ్చేస్తున్నాడు, వచ్చేస్తున్నాడు" అని పైకే అన్నాడు. వరుసంతా ఘొల్లుమంది.

నిర్మాత పురుషోత్తం మంచివాడే. కానీ బెదిరిపోయాడు. "అమ్మాయీ, ఆ మొదలు తీసేసి ఓ పాటతో ఎత్తుకుందాం. సినిమా అయినా మిగులుతుంది" అన్నాడు.

ఆ మొదలు పోతే తన సినిమాకు వెన్నెముకే ఉండదని ఆమెకు తెలుసు. మర్నాడు పొద్దున్నే ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని తెనాలి రైలెక్కింది.

తెనాలిలో ఖాజావలి మాస్టారున్నారు. ముప్ఫయ్యేళ్ళు సినిమాలకు శబ్దం కూర్చి, పని మానేసి, సొంతూరు చేరిన మనిషి. కేదారి ఆయన దగ్గర ఆరేళ్ళు పని నేర్చుకుంది. ఆ ఆరేళ్ళలో ఆయన బాగుందన్న మాట అన్నది రెండుసార్లు.

మాస్టారు వరండాలో కూర్చుని నాలుగు నిమిషాలూ చూశారు. ఇయర్‌ఫోన్లు తీసి, తీగ జాగ్రత్తగా చుట్టి ఆమె చేతికిచ్చారు.

"భోంచేశావా?" అన్నారు.

"లేదు మాస్టారూ. ఎలా ఉంది?"

"వంటవుతోంది. లోపలికి రా. చదువుకునే కళ్ళద్దాలు బాగుచేయడానికిచ్చాను. పొద్దుట్నుంచి పేపరు మొహం చూడలేదు. కాస్త చదివి పెట్టు."

కేదారికి ఏడుపొచ్చినంత పనయింది. ఇంత దూరం వస్తే పేపరు చదవమంటారా? అయినా మాస్టారు మాట. ముందుగదిలో కుర్చీ లాక్కుని కూర్చుంది. వంటింట్లో మాస్టారి భార్య ఖాసింబీగారు దోసెలకు పప్పు రుబ్బుతోంది. గ్రైండరు గరగరమంటోంది. కేదారి గొంతు పెంచి చదవడం మొదలుపెట్టింది.

"ఎండ మొహాన కొడుతోంది" అంటూ మాస్టారు రెండు కిటికీలూ మూసేశారు. పెరటి వైపు తలుపు మాత్రం జానెడు తెరిచి ఉంచారు. ఆ సందులోంచి ఎండ చారలా నేల మీద పడింది. పేపరు ఆ చారలోకి వంచి ఆమె చదువుతూనే ఉంది. మిర్చి ధరలు, కాలువకు నీళ్ళు, ఎవరిదో సన్మానం. అయిదు నిమిషాలయ్యేసరికి గ్రైండరు సంగతి ఆమె చెవులు మరిచిపోయాయి. మాస్టారు ఎప్పుడు లేచి వెళ్ళారో కూడా గమనించలేదు.

ఉన్నట్టుండి గ్రైండరు ఆగిపోయింది.

కేదారి చదువుతున్న మాట సగంలో ఆపేసింది. తల ఎత్తింది. నేల మీద ఎండ చార. దాని వెనక జానెడు తెరిచిన తలుపు. ఆ సందుకు అడ్డంగా ఇప్పుడో, ఇంకో క్షణానికో నీడ కదులుతుందని చూస్తూ ఉండిపోయింది. ఏదీ కదల్లేదు. తన ఊపిరి తనకే వినిపించింది. వేళ్ళ మధ్య పేపరు నలిగిపోతోంది.

"ఎవరొస్తారనుకున్నావు?"

మాస్టారు వంటింటి గడపలో నిలబడి ఉన్నారు. చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉంది.

ఆమె నలిగిన పేపరు ఒళ్ళో పెట్టుకుంది.

"ఏం వినిపించింది?"

"ఏమీ వినపడలేదు మాస్టారూ."

"ఏం కనిపించింది?"

"ఏమీ..." అంటూనే ఆగిపోయింది. చూపు మళ్ళీ ఆ తలుపు సందు మీదికే పోయింది.

"పిల్లను ఝడిపించింది చాలు. నా పప్పు సగంలో ఉంది" అని ఖాసింబీగారు కేకేసింది.

మాస్టారు స్విచ్చి వేశారు. "పద, అన్నం తిందాం."

రాత్రికల్లా కేదారి హైదరాబాదులో ఉంది.

"నాకు అరపూట షూటింగు ఇవ్వండి" అని పురుషోత్తాన్ని అడిగింది. "అదీ ఆడకపోతే రెండో ఆట నుంచే మీ పాట పెట్టేయండి. నోరెత్తను."

ఆయన మిగిలిన రోజులు లెక్కేసుకుని సరేనన్నాడు.

మెట్లు దిగిన ఆ నటినే పిలిపించింది. ముందు తీసిన ఇంట్లోనే, మధ్యాహ్నం. కెమెరామన్ సాల్మన్ బండిలోంచి దీపాలు దించబోతుంటే వద్దంది. కిటికీలకు దుప్పట్లు కట్టించి, ఒక్క తలుపు మాత్రం కాస్త తెరిపించింది.

"మొహం సగం చీకట్లో ఉండిపోతుంది మేడమ్" అన్నాడు సాల్మన్.

"ఉండనీ. తలుపు మీద మాత్రం వెలుతురు పోకుండా చూడు."

మొదటి టేకు పాడయింది. రెండోదీ పాడయింది. మూడోదానికి సాల్మన్ కెమెరా దగ్గర్నుంచి వెనక్కి జరిగి, చెమట పట్టిన చేతులు తుడుచుకున్నాడు.

శబ్దం కూర్చే గదిలో ఎనభై నాలుగు ట్రాకులూ మూసేసింది. వాటి బదులు కొత్తగా ఒక్క చప్పుడే పెట్టింది. విన్న పురుషోత్తం తల పట్టుకున్నాడు. "ఇది మా ఇంట్లోనూ మోగుతుంది కదమ్మా! దీనికి భయపడతారా?"

కేదారికీ నమ్మకంగా తెలియదు.

విడుదల రోజు విజయవాడలో ఉదయం ఆట. హాలు నిండింది. మాస్టారు తెనాలి నుంచి వచ్చారు. ఇద్దరూ కూర్చోలేదు. తెర పక్కనున్న తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డారు.

దీపాలు ఆరాయి. తెర మీద మధ్యాహ్నపు ఇల్లు. ఇంట్లో ఒక్కత్తే ఉన్న ఆడమనిషి జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. పెరట్లో నీళ్ళ మోటారు మోగుతోంది. అంతే. హాల్లో ఇంకా మాటలు, పాప్‌కార్న్ సంచుల గలగల. ఎవరో సీటు నంబరు కోసం వెతుక్కుంటున్నారు. నిమిషం గడిచింది. ఆమె కుడుతూనే ఉంది. మోటారు మోగుతూనే ఉంది.

మోటారు ఆగింది.

తెర మీద సూది ఆగింది. హాల్లో మాటలు ఆగాయి. సంచుల చప్పుడు ఆగింది. ఆ ఆడమనిషి మెల్లగా తల ఎత్తి, వెలుతురు పడుతున్న తలుపు వైపు చూసింది.

నాలుగో వరుసలో ఓ ముసలావిడ పక్కనున్న మనవరాలి చెయ్యి పట్టుకుంది. "ఇంట్లో ఎవరూ లేరుగా... మోటారు ఎవరు కట్టేశారే?"

గుసగుసగా అన్న ఆ మాట హాలంతా వినపడింది. ఒక్కరూ నవ్వలేదు.

కేదారి మాత్రం కళ్ళార్పకుండా తెర మీదే చూపు నిలిపి ఉంది. ఎనిమిది, తొమ్మిది, పది అని పెదవులతో క్షణాలు లెక్కపెడుతోంది. మాస్టారు ఆమె తల మీద చెయ్యి వేసి, చిన్నపిల్లకు తిప్పినట్టు, మెల్లగా అటు నుంచి ఇటు తిప్పారు.

"అటు చూస్తావేంటమ్మా? నీ సినిమా ఇటు ఆడుతోంది."

ఆరొందల ముఖాలు. తెరిచిన నోళ్ళు, ముందుకు వంగిన భుజాలు, సగంలో ఆగిన చేతులు. మసక వెలుతురులో ఆరొందల మందీ ఒకే తలుపు వైపు చూస్తున్నారు.

తెర మీద సినిమా పేరు పడింది. హాలు ఒక్కసారిగా ఈలలతో, చప్పట్లతో దద్దరిల్లింది. పేరు తర్వాత దర్శకురాలి పేరు పడే చోటు అది. పడింది కూడా.

కేదారి వెనక్కి తిరిగి చూడలేదు.