ఇసుకలో పాతిన కర్ర

రుక్మాంగదరావు మాస్టారి దగ్గర పనిచేసేవాళ్ళలో నీలవేణి అంత చురుకైన పిల్ల లేదు. ఆ సంగతి అందరికంటే ముందు నీలవేణికే తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

గోదావరి పెరిగినప్పుడు లంక గ్రామాల వాళ్ళ ఫోన్లకు హెచ్చరిక పంపే ప్రోగ్రాము ఒకటి వాళ్ళ ఆఫీసు చూసుకుంటుంది. దాన్ని రాసిన భద్రం ఆమె చేరకముందే ఉద్యోగం మారి వెళ్ళిపోతే, ఆ పని నీలవేణి చేతికొచ్చింది. తెరిచి చూసింది. పాత కోడ్, దాని పక్కన పేజీలకొద్దీ వివరాలు. ఒకరి ఎంగిలి తనెందుకు తినాలి? అంతా పక్కన పడేసి, మొదటి అక్షరం నుంచీ కొత్తగా రాసుకుంది.

రాసింది ముచ్చటగానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఏ ఊరికైనా ఒకటే లెక్క: ఇళ్ళలోకి నీళ్ళు రావడానికి ఒక పూట ముందు కబురు వెళ్ళాలి.

వరదల కాలం రాకముందే, కిందటేటి లెక్కలు పెట్టి ఓసారి పంపి చూశారు. పొగడలంక నుంచి ఫోనొచ్చింది.

"ఈ వేళకి చెబితే మేం దాటలేమండీ. ఇదివరకు బానే చెప్పేవోరు కదండీ," అన్నాడు అవతలి మనిషి.

నీలవేణి లెక్క మళ్ళీ చూసుకుంది. తప్పు లేదు. ఎగువన వానలు మొదలయ్యాయని వార్తల్లో చెబుతున్నారు. తన ప్రోగ్రామును నమ్ముకుని ఒక ఊరు ఊరంతా నిద్రపోతుంది. ఆ ఆలోచనకి ఆమెకు నిజంగానే భయం వేసింది.

"లెక్క సరిగ్గానే ఉంది మాస్టారూ. ఎక్కడ తేడా వస్తోందో తెలియడం లేదు."

"భద్రం రాసింది చదివావా?"

"అది చదివే టైములో నేను ఇలాంటివి రెండు రాసేస్తాను."

తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే వాళ్ళతో వాదన పెట్టుకునే అలవాటు మాస్టారికి లేదు. "రేపు పొద్దున్నే రేవుకి రా అమ్మాయ్. లంకకి పోదాం," అన్నారు.

మాస్టారు పుట్టింది ఆ లంకల్లోనే. తెలిసినవాళ్ళ పడవ అడిగి తెచ్చారు. పడవ నెట్టే గెడ తాను పట్టుకుని, చుక్కాని ఆమెకు ఇచ్చారు.

"నాకు రాదు మాస్టారూ."

"అదిగో లంక. కనబడుతోందిగా."

కనబడుతోంది, సరిగ్గా ఎదురుగా. నీళ్ళలో అక్కడక్కడా వెదురు కర్రలు పాతి ఉన్నాయి, వంకరటింకరగా ఎటో చుట్టు తిరిగి పోతూ.

"ఇవేంటి?"

"దారి. ముందు వెళ్ళినవాళ్ళు పాతారు."

"ఇంత చుట్టా!" నీలవేణి నవ్వి, పడవను తిన్నగా లంక మీదికి తిప్పింది. మాస్టారు గెడ వేశారు.

నది మధ్యలో పడవ ఇసుక తిన్నె ఎక్కి ఆగిపోయింది. నీలవేణి దిగింది. నీళ్ళు మోకాళ్ళ దాకా కూడా లేవు. తోసింది, లాగింది, చెమటలు కక్కింది. మాస్టారు పడవలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. ఒక చెయ్యి వేద్దామన్న ఆలోచన ఉన్నట్టు కనబడలేదు.

చివరికి పడవ కదిలింది. ఆమె ఎక్కబోతుంటే, మాస్టారు పడవ అడుగునున్న వెదురు కర్ర ఒకటి తీసి, అటు రావద్దనడానికి గుర్తుగా కొసకి ఎర్రగుడ్డ కట్టి అందించారు.

"ఇక్కడ పాతు."

"ఎందుకు? బయటపడ్డాం కదా."

"మనం బయటపడ్డాం," అన్నారు మాస్టారు.

నీలవేణి కర్ర అందుకుంది. తర్వాత బలమంతా వేసి దాన్ని ఇసుకలోకి దించింది. అక్కడి నుంచి పాత కర్రల వెంటే పడవ నడిపింది. ఎక్కడా అడుగు తగల్లేదు.

పొగడలంకలో ఊరు మెరక మీద ఉంది. రేవు నుంచి ఊరికి వెళ్ళే బాట మాత్రం పల్లంలో ఉంది. నీలవేణి ఆ బాట మీద ఆగి, ఇళ్ళ వైపు చూసింది, నీళ్ళ వైపు చూసింది. ఆమె ముఖం వెలవెలబోయింది.

తిరిగి రాగానే భద్రం రాసిన వివరాలు తెరిచింది. పొగడలంక దగ్గర ఆయన తేటగా రాసే ఉంచాడు: "ఈ ఊరికి కబురు ఇంకా ముందే వెళ్ళాలి. ఇళ్ళకంటే ముందు రేవు బాట మునుగుతుంది." మొదటిరోజు పేజీలు తిరగేస్తూ, ఊరి పేరైనా చూడకుండా, ఒక్క ఊరికి వేరే లెక్కేమిటి, చాదస్తం కాకపోతే, అని ఆమె మొట్టమొదట తీసిపారేసింది ఆ వరసనే.

మిగతాదంతా చదివింది. చదువుతుంటే ముందు సిగ్గు వేసింది. పోనుపోను ఆ సిగ్గు పోయి, ఎప్పుడూ చూడని ఆ మనిషి మీద అభిమానం పుట్టింది. భద్రం కోడ్‌ను తిరిగి దాని చోట పెట్టి, తను రాసిన దాంట్లో పనికొచ్చేది మాత్రం దానికి కలిపింది.

ఆ ఏడు గోదావరి గట్టిగానే వచ్చింది. పొగడలంక వాళ్ళు గొడ్డూ గోదాతో సహా ముందే గట్టు చేరారు.

ఆ కబురు విన్నాక మాస్టారు ఆమె బల్ల దగ్గరకు వచ్చారు.

"కొత్తగా ఎంత రాశావమ్మాయ్?"

"కొంచెమే మాస్టారూ."

"కర్ర పాతావా?"

నీలవేణి స్క్రీను ఆయన వైపు తిప్పింది. భద్రం రాసిన మాట కింద ఇంకొక వరస ఉంది.

"పై మాట తీసెయ్యకండి. నేను తీసి చూశాను."