జెకర్యా ప్రార్థన క్రమం

జెకర్యా ప్రార్థనకు ఒక క్రమం ఉండేది. ముందు స్తుతి, తర్వాత ఒప్పుకోలు, ఆ తర్వాత కృతజ్ఞత, చివర్లో మనవి. మధ్యలో మాట తడబడినా, ఎవరైనా పిలిచినా మళ్ళీ స్తుతి నుంచి ఎత్తుకునేవాడు. వరస తప్పితే దేవుడు వినడేమోనని అతని భయం. కాబోయే పాస్టరుకు ఆ మాత్రం పట్టింపు ఉండాల్సిందే అనుకునేవాడు పాపం.

ఆ రోజు పొద్దున తమ్ముడు తిమోతి గుమ్మంలోంచి పిలిచాడు.

"అన్నా, తోడు మనిషి రాలేదు. నువ్వొస్తావా పడవలోకి?"

స్తుతిలో ఉన్న జెకర్యా కళ్ళు తెరవకుండానే పొమ్మని చెయ్యి విసిరాడు. తిమోతి ఒక్కడే చేపల వేటకు పోయాడు.

మధ్యాహ్నానికి గాలి ముదిరింది. పడవలన్నీ ఒడ్డుకు చేరాయి, తిమోతిది తప్ప. వెతకడానికి ఇంజను బోటు ఒకటి వెళ్ళింది. జెకర్యా పరుగున వచ్చి దేవసహాయం అయ్యగారి వాకిట్లో పడ్డాడు. ఆయన మా పల్లెకు ముప్పై ఏళ్ళుగా పాస్టరు. జెకర్యాకు వాక్యం నేర్పుతున్నదీ ఆయనే.

"అయ్యగారూ, మూడుసార్లు మోకరించానండి. స్తుతి దగ్గరే నోరు ఎండిపోతోంది. తమ్ముడి మాట దాకా రాలేకపోతున్నాను!"

అయ్యగారు అతని మణికట్టు పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చారు. జెకర్యా ఇసకలో మోకరించి, "మహోన్నతుడవైన తండ్రీ, ఆకాశమందు ఆసీనుడవై..." అని మొదలుపెట్టాడు. అయ్యగారు అతని రెక్క పట్టి లేపి, మోకాలిలోతు నీళ్ళలోకి నడిపించారు. సముద్రం వైపు వేలు చూపించారు.

"అక్కడ ఎవరున్నారు?"

"మా చిన్నోడండి."

"ఆ మాట ఆయనకి చెప్పు."

జెకర్యా గొంతు పగిలింది. "ప్రభువా, మా చిన్నోడయ్యా! పొద్దున నన్ను పిలిచాడయ్యా, నేను పోలేదు. కళ్ళు కూడా తెరవలేదు. తప్పు నాది. వాణ్ణి తీసుకురా తండ్రీ!"

అల వచ్చి ఛాతీకి కొట్టింది. అతను ఆగలేదు. తడబడ్డాడు, వెక్కాడు, అన్న మాటే పదిసార్లు అన్నాడు.

"అదిగో!" ఒడ్డున ఎవరో ఆడమనిషి కేక పెట్టింది.

ఇంజను బోటు వెనక, మోకుతో కట్టిన తిమోతి పడవ ఊగుతూ వస్తోంది. వాడు నిలబడి చెయ్యి ఊపుతున్నాడు! "స్తోత్రం! స్తోత్రం ప్రభువా!" జెకర్యా పీకల్లోతు నీళ్ళలోకి పోయి పడవ అంచు పట్టుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఏడుస్తూ నవ్వుతూ ఒడ్డుకు చేరారు. చూస్తున్న మా అందరికీ ఒళ్ళు పులకరించింది.

కాసేపటికి జెకర్యా చొక్కా పిండుకుంటూ అయ్యగారి దగ్గరికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"అయ్యగారూ, చర్చి తాళం ఇవ్వండి. ఇప్పుడైనా కుదురుగా కూర్చుని ప్రార్థన చేసుకుంటాను."

అయ్యగారు అతనికేసి వింతగా చూశారు.

"మరి ఇంతసేపూ ఏం చేశావురా?"