ఊరికే తిరిగిన బొమ్మ

ఎవరైనా ప్రశ్న అడిగితే చెప్పులు వేసుకోవడం తాతబ్బాయి మాస్టారి అలవాటు. జవాబు ఇంట్లో దొరకదని ఆయన నమ్మకం. పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగు చెప్పి చెప్పి రిటైరై, బాలానగర్‌లో స్థిరపడ్డారు. అక్కడ ఏ ఫ్యాక్టరీ గేటు తట్టినా ఒకప్పుడు ఆయన చేత గీతలు దిద్దించుకున్నవాడు ఒకడుంటాడు. శిష్యులు కంపెనీలు పెట్టి కార్లలో వచ్చినా సరే, ఆయన వెంట నడవక తప్పదు.

మాంద్యం ముదిరిన ఏడు ఒక శనివారం ఉదయం ఆయన శిష్యుడు కేదారి ఇంటికి వచ్చాడు. ఆయన దగ్గరే చదువుకున్న నేను అప్పటికే అక్కడ ఉన్నాను. కేదారిది సాఫ్ట్‌వేర్ కంపెనీ. పంపులకూ వాల్వులకూ కంప్యూటర్లో బొమ్మ గీస్తే, అది నీటి ఒత్తిడికి ఆగుతుందో పగులుతుందో ముందే చెప్పే సాఫ్ట్‌వేర్ అది. ఫ్యాక్టరీలు దాన్ని ఏడాదికింతని అద్దెకు తీసుకుంటాయి. ఆ ఏడు ఫ్యాక్టరీలకు ఆర్డర్లు లేవు, ఇలాంటి సాఫ్ట్‌వేర్లు అమ్మేవాళ్ళంతా తలలు పట్టుకుని కూర్చున్నారు. కేదారి ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

“మాస్టారూ, అందరూ మునిగిపోయామంటున్నారు. నా సాఫ్ట్‌వేర్ వాడకం చూస్తే రెట్టింపైంది. ఎవరెన్ని గంటలు వాడారో ఆ లెక్క నెలనెలా ఫ్యాక్టరీ యజమానికీ వెళ్తుంది, నాకూ వస్తుంది. అది అబద్ధం ఆడదు. పైగా ఫిర్యాదులు ఆగిపోయాయి. ఫోన్లెత్తి సాయం చెప్పే పిల్లలకు పనే లేదు. ఈ వారం సెలవు మీద పంపాను, సోమవారం పూర్తిగా మానిపించేస్తున్నాను. ఇందులో తప్పేమైనా ఉందంటారా?”

అంతలో అతని ఫోన్ మోగింది. పేరు చూసి ఎత్తకుండా నొక్కేశాడు.

“ఈ నర్సింగరావొక్కడే నా ప్రాణం తోడేస్తున్నాడు. చిన్న షెడ్డు. కొత్త వాల్వేదో గీస్తున్నాడట, ఎక్కడో ఆగిపోతోందట. రోజూ తిట్లే!”

మాస్టారు చెప్పులు వేసుకున్నారు.

నాలుగు వీధుల అవతల ఒక పంపుల ఫ్యాక్టరీకి తీసుకువెళ్ళారు. మేనేజరు ఆయన శిష్యుడే కనుక ఎవరూ ఆపలేదు. కింద షెడ్డులో మిషన్ల మీద టార్పాలిన్లు కప్పి ఉన్నాయి. ఒక లేతు మీద పిల్లి పడుకుని ఉంది, మమ్మల్ని చూసి కదలను కూడా లేదు. పైన డ్రాయింగు గదిలోకి వెళ్ళేసరికి మాత్రం మహా సందడి. వరసగా కంప్యూటర్లు, ప్రతి తెర మీదా కేదారి సాఫ్ట్‌వేరే, ప్రతిదానిలోనూ ఒక పంపు బొమ్మ గిర్రున తిరుగుతోంది.

“చూశారా మాస్టారూ!” అన్నాడు కేదారి. చదువుకున్నవాడు, కింద ఆ పిల్లిని దాటుకునే వచ్చాడు. నాకు ఒళ్ళు మండింది.

మాస్టారు దగ్గర్లో ఉన్న అమ్మాయి వెనక నిలబడ్డారు. ఆమె పేరు స్వరూప అని మెడలో కార్డు చెబుతోంది.

“ఏం గీస్తున్నావమ్మా?”

“ఏం గీస్తలేను సార్. తిప్పుతున్న.”

“ఎందుకూ?”

“పనెక్కడిది సార్? దసరా సంది ఒక్క కొత్త పంపు రాలే. కానీ ఎవరి గంటలు తక్కువుంటే వాళ్ళని ఇంటికి పంపుతున్నరు. చెయ్యి తీస్తే పది నిమిషాలల్ల ఇది దానంతట అదే మూసుకుంటది. అందుకే ఎడమ చేత్తోని తిప్పుడు కూడా నేర్చుకున్న, కుడి చేత్తోని అన్నం తినాలె కదా! ఈ గంటల లెక్క ఎవడు కనిపెట్టిండో గాని సార్, వాడు గిన దొరికితే...”

మాస్టారి తెల్లజుట్టు చూసి మిగతాది మింగేసింది. కేదారి తన బూట్లవైపు చూసుకున్నాడు. తలెత్తకుండానే, “ఇబ్బందులేమైనా వస్తే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తున్నారా అమ్మా?” అని అడిగాడు.

“ఊకె తిప్పెటందుకు ఏం ఇబ్బంది సార్? పని చేస్తే కదా ఎక్కడన్న అడ్డం పడేది.”

అని మళ్ళీ బొమ్మ తిప్పసాగింది.

మెట్లు దిగాం. కేదారి తల దించుకుని నడిచాడు. ఇప్పటికైనా కళ్ళు తెరుచుకున్నాయని నేను సంతోషించాను. గేటు దగ్గర అతను తల ఎత్తాడు.

“అర్థమైంది మాస్టారూ. ఊరికే తిప్పితే ఆ గంటలు లెక్కలోకి రాకుండా కొత్త వెర్షన్‌లో ఏర్పాటు చేస్తాను.”

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు! మాస్టారు నుదురు కొట్టుకున్నారు. ఆ అమ్మాయి ఉద్యోగం ఆ తిప్పుడు మీదే నిలబడి ఉందన్న సంగతి ఈ మహానుభావుడికి చెవిలో పడిందా, పడలేదా?

అప్పుడే ఫోన్ మళ్ళీ మోగింది. నర్సింగరావే. కేదారి అలవాటుగా నొక్కేయబోయాడు.

“ఎత్తవోయ్,” అన్నారు మాస్టారు. “నీ ఖాతాదారులందరిలో నిజంగా పని చేస్తున్నది ఆయనొక్కడే.”

కేదారి ఎత్తాడు. అవతలి గొంతు మా ఇద్దరికీ వినిపించింది. “ఏమయ్యా, వాల్వు మూత గీయంగనే మొత్తం ఆగిపోతుందని వారం సంది మొత్తుకుంటున్న! అసలు మీ దగ్గర మనుషులున్నరా, లేరా?”

కేదారి మెనూలన్నాడు, సెట్టింగులన్నాడు, మళ్ళీ తిట్లు తిన్నాడు. చివరికి, “అది మా భవానికి బాగా తెలుసండీ, ఫోన్లెత్తే అమ్మాయి. ఇలాంటివి చిటికెలో సరిచేస్తుంది. సోమవారం పొద్దున్నే ఆమె చేత...” అని, ఆమెనూ సోమవారమే మానిపిస్తున్న సంగతి గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

ఫోన్లో నర్సింగరావు, “సోమవారం అంటే సోమవారమే కదా?” అని రెట్టిస్తున్నాడు.

మాస్టారు ఇంటి దారి పట్టారు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే అడిగారు.

“అయితే సోమవారం ఆ భవానికి రెండు కబుర్లు చెప్పాలన్నమాట. ఏది ముందు చెబుతావోయ్?”